గట్టి లోహాల పనికి పాత సింకర్ ఈడీఎం మెషిన్ కొనడం: ఏ వరుసలో చూడాలి, ఎలా పరీక్షించాలి

ఇన్‌కోనెల్ (వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమ లోహం) ముక్కలో గుడ్డి పాకెట్ (అవతలికి తెరుచుకోని గుంత) తీయాలి. కార్బైడ్ డైలో చతురస్రపు మూల కావాలి. హార్డెన్ చేసిన డీ2 (టూల్ స్టీలు) బ్లాకులో ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) విరిగి ఇరుక్కుంది. వీటికి సింకర్ ఈడీఎం కావాలి, అంటే నూనెలో ముంచిన లోహాన్ని, కావాల్సిన ఆకారంలో చేసిన ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే కరెంటు స్పార్కులతో కోసే మెషిన్. కొత్త మెషిన్ ధర అందదు, పాతది తీసుకోవచ్చా? కర్నూలు, అనంతపురం, కడప షెడ్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది.

తీసుకోవచ్చు. అయితే పెయింటు చూసో, బ్రాండు చూసో, ప్లేటు మీద రాసిన ఆంపులు చూసో కాదు. మీరు కోయబోయే లోహాన్నే వెంట తీసుకెళ్లి, అమ్మే పార్టీ షెడ్డులోనే కోయించి, తూచి, కొలిచి తీసుకోవాలి. కింద రాసిన పరీక్షలన్నీ ఒక పూటలో అయిపోవు. రోజంతా కేటాయించుకుని పొద్దున్నే బయల్దేరండి.

1. ముందు మీ పనిని కాగితం మీద పెట్టండి

స్పార్క్‌కి గట్టిదనంతో పని లేదు. 60 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనం కొలత) డీ2 అయినా, హార్డెన్ చేయని డీ2 అయినా దాదాపు ఒకే వేగంతో కోస్తుంది. తేడా తెచ్చేవి రెండు: లోహం కరిగే ఉష్ణోగ్రత, అది వేడిని లాగేసుకునే తీరు.

ఇన్‌కోనెల్ 718 సుమారు 1260 నుంచి 1336 డిగ్రీల మధ్య కరుగుతుంది, వేడిని చాలా నెమ్మదిగా పంపుతుంది. అందుకే మిల్లింగ్ కట్టర్లను తినేసే ఆ లోహం స్పార్క్‌కి సులువుగానే లొంగుతుంది. మాలిబ్డినం 2623 డిగ్రీల దాకా, టంగ్‌స్టన్ 3422 డిగ్రీల దాకా కరగవు. పైగా రెండూ వేడిని బాగా లాగేస్తాయి. వీటికీ కార్బైడ్‌కీ గంటలు పడతాయి, ఎలక్ట్రోడ్ కూడా ఎక్కువ అరుగుతుంది. టైటానియం కరగడం కష్టం కాదు. దాని చిక్కంతా కోసిన బూడిద బయటికి పోకపోవడంలోనూ నిప్పు భయంలోనూ ఉంది.

కాబట్టి "గట్టి లోహాలు" అని ఒక్క మాటలో చెబితే మెషిన్ ఎంపిక తేలదు. ఇవి రాసుకోండి:

- ఏ లోహం, నెలలో ఎన్ని గంటల పని. ఇన్‌కోనెల్ ఎక్కువా, కార్బైడ్ ఎక్కువా అన్నది ముఖ్యం.
- అన్నింటికన్నా పెద్ద జాబ్ పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు.
- అన్నింటికన్నా లోతైన పాకెట్, అన్నింటికన్నా చిన్న మూల రేడియస్.
- కావాల్సిన ఫినిష్, టాలరెన్స్.
- రీకాస్ట్ పొర (స్పార్క్‌కి కరిగి మళ్లీ గడ్డకట్టి పైన మిగిలే పొర) మీద పని ఇచ్చిన పార్టీ పెట్టిన షరతు. విమాన భాగాల పని అయితే ఇది తప్పక ఉంటుంది.

తర్వాత ఎత్తు లెక్క. జాబ్ 150 మి.మీ., హోల్డర్‌తో కలిపి ఎలక్ట్రోడ్ 120, చక్ 80, రామ్ (ఎలక్ట్రోడ్‌ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే భాగం) పైకి లేవడానికి 50. మొత్తం 400 మి.మీ. టేబుల్‌కీ రామ్ ముఖానికీ మధ్య మెషిన్ ఇచ్చే గరిష్ఠ దూరం దీనికంటే ఎక్కువ ఉండాలి. ఆ దూరాన్ని రామ్ ముఖం నుంచి కొలిచారా, చక్ కింది నుంచా అని అడగండి. చాలామంది మోసపోయేది ఇక్కడే. ట్యాంకులో జాబ్ పైన కనీసం 50 మి.మీ. నూనె నిలవాలన్న లెక్క వేరే చూసుకోండి.

2. ఏ రకం మెషిన్, జనరేటర్‌లో (స్పార్కుకి కరెంటు పల్స్‌లు ఇచ్చే పవర్ ప్యాక్‌లో) ఏం ఉండాలి

చేత్తో తిప్పే పాత మెషిన్ విరిగిన ట్యాప్‌లు తీయడానికి సరిపోతుంది. జాబ్ వర్క్ షెడ్డుకి ఆర్బిటల్ అటాచ్‌మెంట్ (ఎలక్ట్రోడ్‌ని చిన్న వలయంలో కదిపేది) ఉన్న జెడ్‌ఎన్‌సీ (నిలువు కదలిక మాత్రమే కంప్యూటర్ అదుపులో ఉండేది) మంచి మధ్యేమార్గం. కార్బైడ్ పాకెట్లు రోజూ, ఒకేలాంటివి చేయాలంటే అన్ని కదలికలూ కంప్యూటర్ అదుపులో ఉండే సీఎన్‌సీకి వెళ్లండి. హైడ్రాలిక్ రామ్ ఉన్న బాగా పాత మెషిన్లను కార్బైడ్ కోసం తీసుకోవద్దు. సర్వో వాల్వ్‌లో చెత్త చేరితే రామ్ ఊగుతుంది, ఎలక్ట్రోడ్‌కీ జాబ్‌కీ మధ్య సన్నని గ్యాప్ నిలబడదు.

ఆంపుల పిచ్చి వద్దు. ఎలక్ట్రోడ్ ముఖం ప్రతి చదరపు సెంటీమీటరుకి 10 ఆంపులు దాటకూడదన్నది స్టీలు రఫింగ్‌కి పాటించే పై హద్దు, కార్బైడ్‌కి అందులో సగమే. మీ ఎలక్ట్రోడ్లన్నీ 3, 4 చదరపు సెంటీమీటర్లే అయితే 100 ఆంపుల మెషిన్‌లో సగానికి పైగా కరెంటు ఎప్పటికీ వాడరు. గట్టి లోహాల పనిలో అక్కరకొచ్చేది పైన ఉన్న ఆంపులు కాదు, కింద ఉన్న ఆంపులు.

జనరేటర్‌లో ఇవి చూడండి:

- ఆన్ టైమ్ (ఒక్కో స్పార్క్ పల్స్ నిలిచే సమయం), ఆఫ్ టైమ్ (రెండు పల్స్‌ల మధ్య విరామం) విడివిడిగా మార్చే వీలు. కార్బైడ్‌కి ఆన్ టైమ్ 10, 20 మైక్రోసెకన్లకి దిగాలి, ఆఫ్ టైమ్ దానికి మూడు నాలుగు రెట్లు పెంచగలగాలి. డ్యూటీ సైకిల్ అని ఒకే నాబ్ ఉంటే కష్టం.
- కరెంటు 1 ఆంపు, వీలైతే అర ఆంపు మెట్లలో దిగాలి.
- పోలారిటీ (ఎలక్ట్రోడ్ పాజిటివా, నెగెటివా అన్నది) మార్చే స్విచ్. సాధారణంగా స్టీలు, ఇన్‌కోనెల్‌కి ఎలక్ట్రోడ్ పాజిటివ్. కార్బైడ్, టంగ్‌స్టన్, టైటానియంకి నెగెటివ్. కేబుళ్లు విప్పి మార్చుకోవాల్సి వస్తే హడావుడిలో ఎవరో ఒకరు మర్చిపోతారు.
- ఆర్క్ (ఒకే చోట నిలబడిపోయి జాబ్‌ని కాల్చే మెరుపు) పసిగట్టి తనంతట తాను ఆగే లేదా వెనక్కి లేచే ఏర్పాటు.
- జంప్ (బూడిద పోవడానికి రామ్ మధ్యమధ్యలో పైకి లేవడం) ఎత్తు, మధ్య వ్యవధి మార్చే వీలు. లోతైన సన్న పాకెట్లకి ఇది లేకపోతే పని సాగదు.

ఎలక్ట్రోడ్ ఖర్చు కూడా ఇప్పుడే లెక్క వేసుకోండి. ఇన్‌కోనెల్‌కి గ్రాఫైట్ లేదా రాగి చాలు. కార్బైడ్‌కి రాగి–టంగ్‌స్టన్ కావాలి, అది రాగి కంటే ఎన్నో రెట్లు ఖరీదు.

3. ఎక్కడ వెతకాలి, ఫోన్‌లో ఏం అడగాలి

అనంతపురం వాళ్లకి 44వ జాతీయ రహదారి మీద బెంగళూరు పీణ్య దగ్గర. కర్నూలు వాళ్లకి అదే రోడ్డు మీద హైదరాబాద్ బాలానగర్. కడప వాళ్లకి చెన్నై అంబత్తూరు. మూడూ టూల్‌రూమ్‌లు నిండిన చోట్లే. టూల్‌రూమ్ మూసేస్తూ అమ్ముతున్న మెషిన్ దొరికితే, గోడౌన్‌లో ఆరు నెలలు పడి ఉన్న డీలర్ మెషిన్ కంటే దాన్నే ముందు చూడండి. నడుస్తున్న మెషిన్ తన లోపాలు దాచుకోలేదు.

బయల్దేరే ముందు ఫోన్‌లో:

- ఇప్పుడు కరెంటు ఉందా, స్పార్క్ వేసి చూపిస్తారా? "కనెక్షన్ లేదు, మెషిన్ మాత్రం బాగానే ఉంది" అంటే స్క్రాప్ ధర మీద మాత్రమే మాట్లాడండి.
- తయారైన సంవత్సరం, మోడల్, సీరియల్ నంబరు ప్లేటు ఫొటో.
- ఇంతవరకు ఏ లోహం కోశారు, ఏ నూనె వాడారు?
- జనరేటర్ కార్డులు ఎప్పుడైనా మార్చారా? ఎవరు మార్చారు?
- నడవడానికి ఎన్ని వోల్టులు కావాలి? జపాన్ నుంచి వచ్చినవి చాలావరకు 200 వోల్టుల త్రీఫేజ్. మన 415కి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది మెషిన్‌తో పాటు ఇస్తారా?

ఎలక్ట్రానికా, స్పార్కోనిక్స్ లాంటి పూణె మెషిన్లకి కార్డులు బాగుచేసే మెకానిక్‌లు బెంగళూరు, హైదరాబాద్‌లలో దొరుకుతారు. సోడిక్, మకినో, మిత్సుబిషి, షార్మీల పాత మోడళ్లు కోతలో మేలే కానీ, కార్డు పోయిందంటే నెలలు ఆగాల్సి రావచ్చు. మెషిన్ మోడల్ చెప్పి, ఆ కార్డు బాగుచేసేవాళ్లు ఉన్నారో లేదో కొనకముందే కనుక్కోండి. సర్వీస్ మనిషి దొరకని గొప్ప మెషిన్ కంటే దొరికే మామూలు మెషిన్ మేలు.

చివరిగా ఒక మాట గట్టిగా చెప్పండి: "మేం వచ్చేదాకా మెషిన్ ఆన్ చేయొద్దు." చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టే తీరు చూడాలి.

4. వెంట తీసుకెళ్లాల్సినవి

- 40 × 40 × 30 మి.మీ. ఇన్‌కోనెల్ ముక్క, రెండు ముఖాలూ గ్రైండ్ చేసినది. సుమారు 390 గ్రాములుంటుంది.
- 20 × 20 × 15 మి.మీ. కార్బైడ్ ముక్క.
- 20 × 20 × 50 మి.మీ. రాగి ఎలక్ట్రోడ్, ముఖం గ్రైండ్ చేసి, మూలలు పదునుగా ఉంచినది.
- 10 మి.మీ. వ్యాసం రాగి–టంగ్‌స్టన్ రాడ్.
- 0.01 గ్రాము చూపే, 600 గ్రాములు తూగే తూకం. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో వాడే రకమే.
- 1 మైక్రాన్ లివర్ డయల్, మ్యాగ్నెటిక్ స్టాండ్, 25, 50, 100 మి.మీ. స్లిప్ గేజ్‌లు (కచ్చితమైన కొలత దిమ్మెలు), గ్రౌండ్ స్క్వేర్.
- 200 మి.మీ. గ్రౌండ్ రాడ్, చక్‌లో పట్టేది.
- క్లాంప్ మీటర్ (డీసీ కొలిచేది), మల్టీమీటర్, టార్చి, థర్మామీటర్.
- డై పెనెట్రెంట్ మూడు డబ్బాల కిట్. కార్బైడ్‌లో పగుళ్లు చూడటానికి.
- వీడీఐ 3400 ఫినిష్ ప్లేటు (నునుపు పోల్చి చూసే నమూనా) ఉంటే మంచిది.

5. కరెంటు వేయకముందు చూడాల్సినవి

టేబుల్ మీద స్పార్క్ గుంతలు వెతకండి. ఒకటి రెండు మామూలే. టేబుల్ మధ్యంతా చెదలు తిన్నట్టుంటే, ఎలక్ట్రోడ్ దిగిపోతున్నా పట్టించుకోని చేతుల్లో నడిచిన మెషిన్ అది.

ట్యాంకు తలుపు రబ్బరు, నూనె జాడలు, కింది బెడ్ మీద మరకలు చూడండి. రబ్బరు మారిస్తే పోతుంది. ట్యాంకు రేకు వంగి ఉంటే తలుపు ఎప్పటికీ కారుతూనే ఉంటుంది.

నూనె ట్యాంకు మూత తీసి అడుగు తడమండి. నల్లటి మడ్డి నాలుగు వేళ్ల మందం ఉంటే ఫిల్టర్లు ఏళ్లుగా పట్టించుకోలేదని అర్థం. పంపు, ఫ్లషింగ్ (గ్యాప్‌లోని బూడిదని నూనెతో కడిగేసే) గొట్టాలు కూడా అదే స్థితిలో ఉంటాయి.

రామ్‌కీ తలకీ మధ్య ఉండే ఇన్సులేషన్ ప్లేటు చూడండి. నూనె, కార్బన్ పట్టేసి నల్లబడితే కరెంటు కారిపోతుంది, సన్న కరెంటు ఫినిషింగ్ కుదరదు. పవర్ ప్యాక్ కేబుల్ విప్పించాక మల్టీమీటర్‌తో ఎలక్ట్రోడ్ వైపుకీ టేబుల్‌కీ మధ్య రెసిస్టెన్స్ చూడండి. కార్డులు తగిలించి ఉండగా మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టొద్దు, ట్రాన్సిస్టర్లు పోతాయి.

సీఎన్‌సీ అయితే కంట్రోలర్ లోపలి బ్యాటరీ సంగతి అడగండి. బ్యాటరీ చచ్చిన మెషిన్‌లో పారామీటర్లు ఎగిరిపోతాయి. పారామీటర్ పేజీలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. మీరు కొనకపోయినా అమ్మేవాళ్లకి పనికొస్తాయి.

6. డయల్ పెట్టి చూడటం

వరుస మార్చకండి. మొదటి పరీక్షలో తేడా ఉంటే తర్వాతి అంకెలన్నీ తప్పుతాయి.

అ) *రామ్ ఆట.* చక్‌లో 200 మి.మీ. రాడ్ పట్టి, కింది కొసన డయల్ పెట్టి, చేత్తో మెల్లగా నాలుగు వైపులా తోయండి. వదిలేయగానే ముల్లు 5 మైక్రాన్ల లోపు సున్నాకి రావాలి. రాకపోతే గైడ్లు అరిగాయి.

ఆ) *రామ్ తిరుగుడు.* రాడ్‌కి అడ్డంగా ఒక పట్టీ బిగించి, దాని చివర డయల్ పెట్టి మెలిపెట్టి చూడండి. చతురస్రపు ఎలక్ట్రోడ్‌తో మూలలు తీసేవాళ్లకి పక్క ఆట కన్నా ఇది ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇ) *నిలువుతనం.* టేబుల్ మీద స్క్వేర్ నిలబెట్టి, రామ్‌ని 100 మి.మీ. దించుతూ ఎక్స్ వైపు, వై వైపు చూడండి. జెడ్‌ఎన్‌సీకి 10 మైక్రాన్లు, సీఎన్‌సీకి 5 మైక్రాన్లు దాటితే బేరంలో పెట్టాల్సిన లోపం. 30 దాటితే వదిలేయండి.

ఈ) *బ్యాక్‌లాష్, స్కేల్.* డీఆర్‌ఓ (స్థానాన్ని అంకెల్లో చూపే డిస్‌ప్లే) మీద 25, 50, 100 మి.మీ. జరిపి స్లిప్ గేజ్‌లతో పోల్చండి. ప్రతిసారీ ఒకే దిశ నుంచి రండి, తర్వాత వెనక దిశ నుంచి. దిశ మార్చినప్పుడు తేడా వస్తే స్క్రూ లేదా స్కేల్ బిగింపు వదులు. టేబుల్ మధ్యలో మాత్రమే తేడా కనిపిస్తే స్క్రూ అక్కడ అరిగింది. అది బిగిస్తే పోయే లోపం కాదు.

ఉ) *ముట్టి చూసే గుణం.* ఆటో ఎడ్జ్ ఫైండ్ ఉంటే ఒకే చోట పదిసార్లు ముట్టించండి. పది అంకెలూ 5 మైక్రాన్ల పరిధిలో ఉండాలి.

7. కరెంటు వేశాక, కోయకముందు

ముందు పంపు. ట్యాంకు నిండటానికి ఎంతసేపు పడుతోంది? ఫిల్టర్ గేజ్ ఎంత చూపిస్తోంది? కొత్త ఫిల్టర్‌తో తక్కువగా ఉండి, నిండేకొద్దీ పెరగాలి. గేజ్ ముల్లు కదలకపోతే గేజ్ పోయిందో, ఫిల్టరే తీసేశారో కనుక్కోండి.

ఫ్లోట్ స్విచ్‌ని చేత్తో కిందికి నొక్కండి. స్పార్క్ సర్క్యూట్ వెంటనే తెగాలి. నూనె వేడి థర్మోస్టాట్, మంట సెన్సర్ ఉంటే వాటినీ అడగండి. ఫ్లోట్ స్విచ్‌ని వైరుతో షార్ట్ చేసి నడిపే షెడ్లు ఉన్నాయి. అలాంటి మెషిన్‌లో ఇంకేం షార్ట్ చేశారో వెతకాలి.

ఇప్పుడు పనికిరాని స్టీలు ముక్క మీద కరెంటుని మెట్టు మెట్టుగా పెంచుతూ క్లాంప్ మీటర్ చూడండి. ఒక్కో మెట్టుకి ఒకే పాటి పెరుగుదల ఉండాలి. మధ్యలో ఒక మెట్టు ఎక్కించినా మీటర్ కదలకపోతే ఆ బ్యాంకులో మాస్‌ఫెట్‌లు (కరెంటుని ఆన్ ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) పోయాయి. 50 ఆంపుల మెషిన్ 35 దగ్గర ఆగిపోయే జబ్బు ఎక్కువగా ఇదే. బాగుచేయొచ్చు, ధరలోంచి తీసేయొచ్చు.

8. మీ లోహం మీద టెస్ట్ కట్

అసలు పరీక్ష ఇదే. ఆపరేటర్‌ని పక్కన ఉండనివ్వండి కానీ సెట్టింగులు మీరు చెప్పండి. అతనికి అలవాటైన స్టీలు మీద మెషిన్ ఎప్పుడూ అందంగానే కోస్తుంది.

*మొదటి కోత: ఇన్‌కోనెల్, రాగి.*

1. ముక్కనీ ఎలక్ట్రోడ్‌నీ థిన్నర్‌తో కడిగి, గాలి కొట్టి, తూచి రాసుకోండి.
2. ఎలక్ట్రోడ్ పాజిటివ్, 25 ఆంపులు, ఆన్ టైమ్ 100 నుంచి 150 మైక్రోసెకన్లు, జంప్ ఆన్, పక్క నుంచి ఫ్లషింగ్.
3. 30 నిమిషాలు ఆపకుండా నడపండి. నూనె వేడి మొదట్లో ఎంత, చివర్లో ఎంత?
4. మళ్లీ కడిగి, ఆరబెట్టి, తూచండి. గుంతలో నూనె మిగిలితే లెక్క తప్పుతుంది.

లెక్క ఇలా. ముక్క 24.6 గ్రాములు తగ్గిందనుకోండి. ఇన్‌కోనెల్ 718 సాంద్రత 8.19, అంటే 3 ఘన సెం.మీ. పోయింది. 3000 ఘన మి.మీ.ని 30తో భాగిస్తే నిమిషానికి 100. ఎలక్ట్రోడ్ 0.54 గ్రాములు తగ్గితే, రాగి సాంద్రత 8.96తో భాగించగా 0.06 ఘన సెం.మీ. అరుగుదల 2 శాతం. రెండు మూడు మెషిన్లు చూస్తుంటే అన్నింటి మీదా ఇదే కోత వేయండి. అప్పుడే అంకెలు పోల్చడానికి పనికొస్తాయి.

కోస్తున్నంతసేపు చెవి పెట్టండి. సన్నగా, ఒకే తీరుగా చిటపటలాడాలి. మధ్యలో గొంతు మారి బుసకొడితే, ఒకే చోట పసుపు ఎరుపు వెలుగు నిలబడితే అది ఆర్క్. ఆర్క్ వచ్చినప్పుడు రామ్ తనంతట తాను లేచిందా, ఆపరేటర్ చెయ్యి వేశాడా? అతని చెయ్యి నాబ్ మీదికి పోయిన ప్రతిసారీ ఎందుకని అడగండి.

*రెండో కోత: కార్బైడ్, రాగి–టంగ్‌స్టన్.*

10 మి.మీ. రాడ్ ముఖం 0.78 చదరపు సెం.మీ. మాత్రమే. కాబట్టి 3 ఆంపులు చాలు. ఎలక్ట్రోడ్ నెగెటివ్, ఆన్ టైమ్ 10 నుంచి 20 మైక్రోసెకన్లు, ఆఫ్ టైమ్ మూడు రెట్లు. 1 మి.మీ. లోతు. తర్వాత 1 ఆంపుకి దించి 0.05 మి.మీ. ఫినిష్ కోత.

ఇది నెమ్మదిగా సాగుతుంది, ఓపిక పట్టండి. అమ్మే పార్టీ "ఆంపులు పెంచితే అయిపోతుంది కదా" అంటాడు. పెంచితే నిజంగానే అయిపోతుంది, కార్బైడ్ పై పొరలో పగుళ్లతో సహా.

కడిగాక పెనెట్రెంట్ కొట్టి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, తుడిచి, డెవలపర్ కొట్టండి. ఎర్రటి సన్న గీతలు తేలితే పల్స్ అదుపు సరిగా లేదు. ఆన్ టైమ్ ఇంకా తగ్గించి మరోసారి వేయండి. అప్పుడూ తేలితే ఆ జనరేటర్ కార్బైడ్‌కి పనికిరాదు. డీ2, హెచ్13 స్టీళ్లకి, ఇన్‌కోనెల్‌కి మాత్రం పనికిరావచ్చు.

ఫినిష్‌ని వీడీఐ ప్లేటుతో పోల్చండి. 24వ నంబరు అంటే ఆర్‌ఎ (సగటు గరుకుతనం) 1.6 మైక్రాన్లు, 18 అంటే 0.8. మీ పార్టీలు అడిగే నంబరు ఆ మెషిన్ మీద ఇప్పుడు వస్తోందా అన్నదే లెక్క.

9. కోతలో కనిపించే లోపాలు, వాటి వెనక కారణాలు

*ఎలక్ట్రోడ్ మీద నల్లటి కార్బన్ మొటిమ.* ఆఫ్ టైమ్ చాలలేదు లేదా ఫ్లషింగ్ అందలేదు. రెండూ పెంచినా వస్తే ఆర్క్ పసిగట్టే సర్క్యూట్ బలహీనం. అది కార్డు పని.

*గుంత పైన వెడల్పు, కింద ఇరుకు.* బూడిద పైకి వస్తూ గోడల్ని మళ్లీ కోస్తోంది. ఎలక్ట్రోడ్‌లోంచి నూనె తోసే బదులు లాగే ఫ్లషింగ్ పెట్టి చూడండి. తగ్గితే మెషిన్ తప్పు కాదు. లాగే ఏర్పాటే లేకపోతే అది లోపంగా రాసుకోండి.

*ఎలక్ట్రోడ్ మూలలు గుండ్రమైపోవడం.* పోలారిటీ తప్పు, ఆన్ టైమ్ మరీ తక్కువ, లేదా ముఖానికి మించిన కరెంటు. సెట్టింగు సరిచేశాకా అలాగే ఉంటే పల్స్ ఆకారమే చెడింది. ఆసిలోస్కోప్ పట్టుకొచ్చే మనిషిని తీసుకెళ్లండి.

*రామ్ ఎగరడం, ఊగడం.* గ్యాప్ సెన్సిటివిటీ నాబ్ తిప్పితే పోతే సరే. పోకపోతే సర్వో ఫీడ్‌బ్యాక్ కేబుల్ కదిపి చూడండి. కదలికతో ఊగుడు మారితే కేబులే. మారకపోతే బాల్ స్క్రూ బేరింగ్ అనుమానించాలి.

*గుంత అడుగు ఒక పక్క నునుపు, ఒక పక్క గరుకు.* ఫ్లషింగ్ ఒక వైపే తగులుతోంది, లేదా రామ్ నిలువు లేదు. ఆరో అంశంలో రాసుకున్న అంకె చూడండి.

విమాన భాగాలూ డైలూ చేసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. రఫింగ్ వదిలే రీకాస్ట్ పొర 30, 40 మైక్రాన్లు ఉండొచ్చు. కరెంటు తగ్గిస్తూ రెండు మూడు మెట్లలో దాన్ని తినేయాలి. మెషిన్‌కి ఆ మెట్లు లేకపోతే చేత్తో పాలిష్ చేస్తూ కూర్చోవాలి.

10. మన ఎండ, మన కరెంటు, మన నేల

బెంగళూరులో బాగా నడిచిన మెషిన్ కర్నూలులో మేలో మొరాయించడానికి కారణాలు చాలావరకు ఇక్కడే ఉంటాయి.

*నూనె.* కిరోసిన్‌తో నడుస్తున్న మెషిన్ దొరికితే కిరోసిన్ అక్కడే వదిలేయండి. దాని ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకునే వేడి) 40 డిగ్రీల దరిదాపుల్లోనే. మన షెడ్డు వేడే వేసవిలో 42, 43 దాటుతుంది, స్పార్క్ కింద నూనె ఇంకా పైన ఉంటుంది. ఫ్లాష్ పాయింట్ 100 డిగ్రీలు దాటిన ఈడీఎం ఆయిల్ మాత్రమే పోయండి. ట్యాంకు పరిమాణాన్ని బట్టి 200 నుంచి 400 లీటర్లు పడుతుంది, కాబట్టి ఆ ఖర్చు మెషిన్ ధరకి కలిపే లెక్క వేయండి. పాత నూనె ఉచితంగా ఇస్తామంటే తీసుకోవద్దు.

*చిల్లర్ (నూనెని చల్లబరిచే యంత్రం).* 100 మి.మీ. రాగి ఎలక్ట్రోడ్ 10 డిగ్రీలు వేడెక్కితే 17 మైక్రాన్లు పెరుగుతుంది. పొద్దున సెట్ చేసిన లోతు మధ్యాహ్నానికి ఉండదు. నూనె చిల్లర్ లేని మెషిన్ తీసుకుంటే విడిగా బిగించుకోండి. ఏసీ లేని షెడ్డులో నూనెని 20కి దించకండి. కాలమ్ 40లో, టేబుల్ 20లో ఉంటే మెషిన్ వంగుతుంది. 28, 30 దగ్గర మార్పు లేకుండా ఉంచడం మేలు. ఫినిషింగ్ కోతలు తెల్లవారుజామున పెట్టుకోండి.

*కరెంటు.* 50 ఆంపుల మెషిన్‌కి పంపు, చిల్లర్ కలుపుకుని 8 నుంచి 10 కేవీఏ లోడు వేసుకోండి. కరెంటు కంపెనీ ఎస్‌పీడీసీఎల్‌లో మంజూరైన లోడు చాలుతుందో లేదో ముందే చూసుకోండి. సర్వో స్టెబిలైజర్ తప్పనిసరి. అదే లైన్ మీద వెల్డింగ్ సెట్ ఉంటే వేరు చేయండి.

*ఎర్తింగ్.* రాతి నేల, తక్కువ వాన. వానాకాలంలో కొలిస్తే బాగానే కనిపించే ఎర్త్, ఏప్రిల్‌కి ఎండిపోయి చెడిపోతుంది. మెషిన్‌కి విడిగా కెమికల్ ఎర్తింగ్ వేయించి, వేసవిలో కొలిపించండి. 1 ఓమ్ లోపు ఉంటే మంచిది. ఎర్త్ సరిగా లేకపోతే డీఆర్‌ఓ అంకెలు తమంతట తాము ఎగురుతాయి. అందరూ స్కేల్ పోయిందనుకుంటారు.

*నేల.* నంద్యాల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దాని మీద పలచటి కాంక్రీటు వేసి మెషిన్ పెడితే ప్రతి సీజన్‌కీ లెవెల్ పోతుంది. గట్టి నేల దాకా తవ్వి, కంకర దట్టించి, 250 మి.మీ. ఆర్‌సీసీ వేయండి. కడప బండ పరిచిన నేల చూడ్డానికి చదునే. కింద బోలు ఉంటే బండ పగులుతుంది. మెషిన్ కాళ్ల కింద బండ తీసేసి కాంక్రీటు పోయండి.

*దుమ్ము.* బేతంచెర్ల, తాడిపత్రి లాంటి చోట్ల పక్కనే బండల పాలిషింగ్ యూనిట్ ఉంటే గది మూసి ఉండాలి. సున్నపురాతి పొడి స్కేల్ రీడింగ్ హెడ్‌లోకి, స్క్రూల మీదికి చేరుతుంది.

*నిప్పు.* మెషిన్ చుట్టూ వెల్డింగ్, గ్రైండింగ్ వద్దు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ చేతికందే చోట ఉండాలి. టైటానియం కోసేవాళ్లు మడ్డిని ఆరనివ్వకూడదు. ఆరిన టైటానియం బూడిద తేలిగ్గా అంటుకుంటుంది, దానికి లోహాల మంటకి వాడే డీ క్లాస్ పొడి కావాలి. పొగ లాగే ఫ్యాన్ పెట్టండి, రాత్రి మనిషి లేకుండా నడపకండి.

11. బేరం, కాగితాలు

లోపాల జాబితా ముందు పెట్టి, ఒక్కొక్కదానికి బాగుచేసే ఖర్చు కనుక్కుని, అడిగిన ధరలోంచి తీసేయండి. ఫిల్టర్లు, రబ్బరు సీళ్లు, మాస్‌ఫెట్‌లు, గేజ్‌లు డబ్బుతో పోయే లోపాలు. అరిగిన గైడ్లు, మధ్యలో అరిగిన స్క్రూ, దొరకని కార్డు అలా పోవు. వాటికి ధర తగ్గించి ఇస్తామన్నా వద్దనండి.

- జీఎస్‌టీ బిల్లు, మోడల్, సీరియల్ నంబరుతో.
- ఇ–వే బిల్లు.
- దిగుమతి మెషిన్ అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు.
- సర్క్యూట్ డయాగ్రమ్‌లు, మాన్యువల్. ఇవి లేకపోతే ఏ మెకానిక్ అయినా రెట్టింపు అడుగుతాడు.
- చక్, ఆర్బిటల్ హెడ్, ఫ్లషింగ్ పాట్, మిగిలిన ఫిల్టర్లు బిల్లులో విడివిడిగా.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. అడ్వాన్స్ కొంత, లోడ్ చేసేటప్పుడు ఎక్కువ భాగం, మీ షెడ్డులో టెస్ట్ కట్ అయ్యాక మిగతాది. దీన్ని రాసుకుని సంతకాలు తీసుకోండి.

12. దించి బిగించడం

లోడ్ చేసే ముందు నూనె పూర్తిగా తీసేయాలి. రామ్‌ని కిందికి దించి, టేబుల్‌కీ రామ్‌కీ మధ్య చెక్క దిమ్మె పెట్టి లాక్ చేయండి. టేబుల్ ఎక్స్, వై లాకులు బిగించండి. స్కేల్ రీడింగ్ హెడ్‌లకి ట్రాన్సిట్ క్లిప్పులు ఉంటే వేయండి. హైడ్రా క్రేన్‌తో ఎత్తేటప్పుడు కాలమ్‌కీ బెడ్‌కీ ఉన్న ఐబోల్టుల నుంచే ఎత్తాలి. ట్యాంకుకి, రామ్‌కి తాడు వేయనివ్వకండి. పవర్ ప్యాక్‌ని నిలువుగా, టార్పాలిన్ కప్పి తీసుకురండి.

వైర్లు విప్పేటప్పుడు ప్రతి కొసకీ నంబరు చీటీ, ఒక ఫొటో. ఫేజ్ తారుమారైతే పంపు వెనక్కి తిరుగుతుంది, కాబట్టి మొదటిసారి పంపు మాత్రమే వేసి దిశ చూడండి.

మీటరుకి 0.02 మి.మీ. చూపే స్పిరిట్ లెవెల్‌తో రెండు దిశల్లో లెవెల్ చేయండి. నూనె నింపాక మళ్లీ చూడండి, ఆ బరువుకి లెవెల్ మారుతుంది. రెండు వారాలయ్యాక మరోసారి.

ఇప్పుడు ఎనిమిదో అంశంలోని ఇన్‌కోనెల్ కోతనే అవే సెట్టింగులతో మళ్లీ వేయండి. అక్కడ నిమిషానికి 100 ఘన మి.మీ. వచ్చి ఇక్కడ 70 వస్తే ముందు వోల్టేజి, తర్వాత ఎర్త్, తర్వాత కొత్త నూనె ఫిల్టర్, ఆ వరుసలో చూడండి. అరుగుదల మాత్రమే పెరిగితే ఎలక్ట్రోడ్, టేబుల్ కేబుళ్లు అటూ ఇటూ పడ్డాయేమో చూడండి.

మొదటి నెలలో ఫిల్టర్లు మామూలు కంటే త్వరగా నిండుతాయి, ప్రయాణంలో కదిలిన పాత మడ్డి అంతా అప్పుడే బయటికొస్తుంది. అదనంగా ఒక సెట్టు దగ్గర పెట్టుకోండి. ఆ మడ్డిలో నికెల్, కోబాల్ట్, క్రోమియం ఉంటాయి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని తీసి, మూత ఉన్న డ్రమ్ములో పోసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వండి. కాలవలో పారబోయకండి.